కొలనునీటి కొలతలు

నీటిని గూర్చి మన దేశమున చెప్పబడినంత గొప్పగా మఱి యే వస్తువును గూర్చియు చెప్పబడి యుండలేదు. స్నానము చేయుచు నదుల పేరులు తలచుకొను జాతి మనది. అయినను ఒక్క చెంబెడు నీటిలో నేమున్నదో చూచి తెలిసికొందమను కుతూహలము మనలో మిక్కిలి తక్కువ. నీరు తేటగా నున్నచో మంచిదందుము. మురికిగా నున్నచో చెడ్డదందుము. గోదావరి నుండి వచ్చినచో మురికిగా నున్నను పవిత్రమందుము. ఈ మూడు మాటలును కంటికిని భక్తికిని సంబంధించినవేగాని కొలతకు సంబంధించినవి కావు. కొలత యెఱుగని యింట శుచి యనునది పెద్దల యభిరుచిని బట్టి మాఱుచుండును. ఈ సంగతి మా తోటలోని యొక చిన్న కొలను మూలమున మాకు విశదమైనది గనుక దానినే పాఠకుల ముందుంచుచున్నాము.

మాది కడియము. మొక్కలు పెంచి దూరదేశములకు పంపు నర్సరీలకు ఈ యూరును, కడియపులంకయు, చుట్టుపట్ల గ్రామములును ప్రసిద్ధములు. ధవళేశ్వరము నుండి వచ్చు కాలువనీరే ఇక్కడి నేలకు ప్రాణము. 1847 మొదలుకొని 1852 వఱకు ఆర్థరు కాటను దొర కట్టించిన ఆనకట్టయు, దాని స్థానమున 1982లో పూర్తియైన బ్యారేజియు లేకున్నచో ఈ తోటలు లేవు. మా పెద్దలందఱును కాలువలోనే యీత నేర్చినవారు. ఇప్పుడట్లు సాగదు. వేసవిసెలవులు వచ్చునప్పటికి మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు. నీరు పాఱు నెలలలో ఊళ్ల మురుగును చెత్తయు అందులోనే కలియుచున్నవి. డెల్టాలో పుట్టిన బిడ్డకు ఈత రాకుండుటయో, ప్రాణాపాయము. కావున ఇంటివెనుక 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, సగటున 4 అడుగుల లోతు గల కొలను నొకదానిని కట్టించితిమి. పిల్లలు దానిని స్విమ్మింగుపూలందురు, ముసలివారు తొట్టియందురు, మేము కొలననియే పిలుచుచున్నాము.

కట్టినవారు పని ముగించి పోవుచు మా చేతి కొక కాగితము నిచ్చిరి. అందు అయిదు పేరులును అయిదు అంకెలును ఇంగ్లీషులో నున్నవి. విడి క్లోరిను పది లక్షల పాళ్ళకు 1 నుండి 3 పాళ్ళు, పి.హెచ్. 7.2 నుండి 7.8; క్షారత్వము 80 నుండి 120; కాల్షియపు కాఠిన్యము 200 నుండి 400; సయన్యూరిక్ ఆమ్లము 30 నుండి 50. ఆ యంకెలు సరియైనవే. కాని యేది దేనికొఱకో, ఒకటి తప్పినచో మఱియొకటి యేమగునో ఆ కాగితము చెప్పదు. కారణము తెలియని యంకె మంత్రము వంటిది. ఫలించినచో మహిమ యందుము. ఫలింపనిచో ఉచ్చారణ దోషమందుము. మంత్రములను విడిచి అంకెలను పట్టుకొన్నంతమాత్రమున మనకు జ్ఞానము కలిగినదని యనుకొనరాదు. అందుచేత ఒక్కొక్క యంకెకు కారణమేమో విచారించి, ఇంటిల్లిపాదియు గ్రహించిన పిమ్మటనే పిల్లలను నీట దింపవలెనని నిశ్చయించుకొంటిమి.

మొదట తేటదనము మాట. ఆషాఢమున గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చినప్పుడు మన పూర్వులు చిల్లగింజను బిందె లోపలి ప్రక్కను అరగదీసి నీటిని తేర్చుకొనెడివారు. దానిని సంస్కృతమున కతక మందురు. సుశ్రుతుని గ్రంథమునందే దాని ప్రస్తావన కలదు. పటికయు అదే పని చేయును. మట్టిరేణువులను ఒకదానికొకటి యంటునట్లు చేసి అడుగునకు దింపును. ఇది మంచి విద్యయే. మట్టితో పాటు సూక్ష్మజీవులును కొన్ని దిగిపోవును. కాని అన్నియు దిగవు, దిగినవి చావవు. అద్దమువలె మెఱయు నీటిలో విషూచి యుండవచ్చును. 1854లో లండను నగరమున బ్రాడ్ వీధి పంపునీటివలన కలరా వ్యాపించెనని జాన్ స్నో వైద్యుడు నిరూపించినప్పుడు, ఆ నీరు చూపునకు తేటగనే యుండెను. తేట యనునది కంటి సాక్ష్యము. ఈ విషయమున కంటి సాక్ష్యము చెల్లదు.

ఇక క్లోరిను. 1774లో స్వీడనుదేశపు షీలే అను రసాయనికుడు దీనిని మొదట వేఱుపఱచెను. 1810లో డేవీ పండితుడు ఇది మూలపదార్థమని చెప్పి, పసుపు కలసిన దాని ఆకుపచ్చ వన్నెను బట్టి ఆ పేరు పెట్టెను. దీనిని సున్నములో బంధించి పొడిగా చేయు విధమునకు 1799లోనే గ్లాస్గోలో టెనెంటు హక్కుపత్రము పొందెను. అదియే మన బ్లీచింగు పౌడరు. బట్టలు తెలుపుచేయుటకు పుట్టిన యీ పొడి, 1897లో ఇంగ్లండునందలి మేడ్‌స్టన్ పట్టణమున టైఫాయిడు ప్రబలినప్పుడు నీటిగొట్టములను శుద్ధిచేయుటకు వాడబడెను. 1908లో అమెరికాయందలి జెర్సీ నగరమున త్రాగునీటిలో ప్రతిదినమును కలుపుట ఆరంభమయ్యెను. మన దేశపు త్రాగునీటి ప్రమాణము సయితము కుళాయినీటిలో లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల విడి క్లోరిను మిగిలి యుండవలెనని చెప్పుచున్నది.

మిగిలి యుండవలెనను మాటలోనే సారమంతయు నున్నది. మనము వేసిన మందు ఎంత యన్నది ముఖ్యము కాదు. నీటిలోని మలినములతో పోరాడిన పిమ్మట ఎంత మిగిలెనన్నది ముఖ్యము. త్రాగునీటికంటె కొలనునీటికి ఎక్కువ కావలసి వచ్చుటకు కారణ మిదియే. కుళాయినీటిలో నెవరును దిగరు. కొలనులో దిగినవారు తమ చెమటను, నూనెను, ఉమ్మిని, పిల్లలైనచో మూత్రమును గూడ నీటికి సమర్పింతురు. ఒక పాలు విడి క్లోరిను సరియైన పి.హెచ్. గల నీటిలో నున్నచో రక్తవిరేచనములు కలిగించు బ్యాక్టీరియా నొక నిమిషములోపల చంపును. కామెరలు తెచ్చు హెపటైటిస్-ఏ క్రిమికి పదునాఱు నిమిషములు పట్టును; జియార్డియా యను పరాన్నజీవికి ముప్పాతిక గంట. క్రిప్టోస్పోరిడియ మను మఱియొక జీవి మాత్రము పది దినముల వఱకును చావదు. కాబట్టి విరేచనములతో బాధపడు బిడ్డను నీట దింపకుండుటకు మాఱు మందు లేదు. మందు ఎంతటిదైనను వివేకమునకు బదులుగా పనిచేయజాలదని ఈ యొక్క సంగతియే తెలుపుచున్నది.

2024వ సంవత్సరమున కేరళదేశములో నీటియందు స్నానమాడిన పిల్లలు కొందఱు మెదడునకు సోకు అమీబా జ్వరముతో మరణించిరి. ఆ యమీబా వెచ్చని మంచినీటిలో పెరుగును; త్రాగినందువలన హాని చేయదు; ముక్కుద్వారా లోపల ప్రవేశించి మెదడును చేరును. సోకినవారిలో బ్రతికినవారు మిక్కిలి యరుదు. క్లోరిను తగినంత నిలిచియున్న నీటిలో నిది నిలువజాలదు. ఆ వార్త చదివిన నాటినుండి మా యింట కొలత యను పని వేడుకగా గాక విధిగా మాఱినది.

మా కొలనునకు లెక్క యిట్లు. పొడవు, వెడల్పు, లోతు గుణించినచో 800 ఘనపుటడుగులు, ఘనపుటడుగునకు 28.3 లీటర్ల వంతున ఇంచుమించు 22,600 లీటర్లు. లీటరుకు ఒక మిల్లీగ్రామన్నను పది లక్షల పాళ్ళలో ఒక పాలన్నను ఒకటే గనుక, ఒక పాలు పెంచుటకు 22.6 గ్రాముల క్లోరిను కావలెను. మంచి బ్లీచింగు పౌడరులో నూటికి ముప్పది వంతులు క్లోరినుండును. కావున 75 గ్రాముల పొడి. దీనిని నేరుగా చల్లరాదు. బకెట్టు నీటిలో కలిపి, సున్నము అడుగునకు దిగిన పిమ్మట పైతేటను మాత్రమే పోయవలెను. తడి తగిలినను, మూత వదలైనను పొడి బలము తగ్గును గనుక నిరుటి సంచిని ఈ యేటి లెక్కకు నమ్మరాదు. ఈ మాత్రపు గణితము అయిదవ తరగతి పిల్లలకు వచ్చును. మా పిల్లలే చేసిరి.

రెండవ యంకె పి.హెచ్. నీటి పులుపును క్షారమును కొలుచు ఈ మానమును 1909లో కోపెన్‌హాగెను నగరమున సోరెన్‌సెన్ అను శాస్త్రజ్ఞుడు ఏర్పఱచెను. ఏడు మధ్యస్థము, అంతకు తక్కువైనచో నిమ్మరసమువైపు, ఎక్కువైనచో సున్నపుతేటవైపు. ఒక్క మెట్టు మాఱుట యనగా పదిరెట్లు మాఱుట. దీనికిని సూక్ష్మజీవులకును ఏమి సంబంధమని తోచవచ్చును. నీటిలో కలిసిన క్లోరిను రెండు రూపములుగా నుండును. ఒకటి హైపోక్లోరస్ ఆమ్లము. ఇది క్రిముల పొరలను దూరి చంపును. రెండవది దాని అయాను; ఇది మిక్కిలి మందకొడి. పి.హెచ్. 7.5 వద్ద రెండును సమానముగా నుండును. 7 వద్ద నాలుగింట మూడు వంతులు చురుకైనది; 8 వద్ద నాలుగింట ఒక్కవంతే; 8.5 వద్ద పదింట ఒకవంతు. అనగా మందు ఉండియు లేనట్లే. కాగితముపై రెండు పాళ్ళని వ్రాసికొని తృప్తిపడువాడు, పి.హెచ్. చూడనిచో, నిద్రించుచున్న కాపలావానిని చూచి ధైర్యము చెందు గృహస్థు వంటివాడు. మఱీ తగ్గించుటయు మేలు కాదు: పంపును లోహభాగములను ఆమ్లము తినివేయును, కన్నులు మండును. మన కన్నీటి పి.హెచ్. 7.4కు దగ్గఱ గనుక మేమును ఆ యంకెనే గుఱిగా పెట్టుకొంటిమి.

మొదటి వేసవిలో మేనత్తల పిల్లలు, పినతల్లుల పిల్లలు సెలవులకు వచ్చి పదునలుగురు ఒక్కసారిగా కొలనులో దిగిరి. సాయంకాలమునకు ఘాటైన వాసన లేచినది. పిల్లల కన్నులు ఎఱ్ఱబాఱినవి. మా మేనమామగారు చాపమీద కూర్చుండి, "మందు మరీ ఎక్కువైపోయిందర్రా! వారంరోజులు మానేయండి" అనిరి. వారి మాటకు మా యింట నెదురు లేదు. అయినను తీర్పునకు ముందు సాక్ష్యము చూతమని వారితోనే చెప్పి, గాజుగొట్టములో నీరు పట్టి చుక్కలు వేసితిమి. విడి క్లోరిను అరపాలు మాత్రమే యుండెను. మొత్తము రెండు పాళ్ళు. ఈ రెండింటి భేదము, ఒకటిన్నర పాలు, చెమటతోడను మూత్రముతోడను కలిసిపోయిన క్లోరిను. కన్నులను మండించునదియు, జనులు క్లోరిను వాసన యని చెప్పునదియు ఈ కలిసిన పదార్థమే. ఇది 0.4 మించరాదు. బాగుగా నున్న కొలనులో వాసన యేమియు నుండదు. కాబట్టి వాసన వచ్చినప్పుడు మందు మానరాదు. పెంచి దానిని కాల్చివేయవలెను. కలిసినదానికి పదిరెట్లు, అనగా పదునైదు పాళ్ళు కావలెను. మా లెక్కకు కిలోకు పైగా 125 గ్రాముల పొడి. పిల్లలనెల్ల ఒడ్డున నుంచి రాత్రి పోసితిమి. క్లోరిను మూడు పాళ్ళకు దిగిన పిమ్మటనే మరల దింపితిమి. వాసన పోయినది. మేనమామగారు గొట్టమును వెలుతురునకు పట్టి చూచి, "అయితే మన ముక్కును నమ్మకూడదన్నమాట" అని నవ్విరి. పెద్దలు కొలతకు లోబడుటలో గౌరవహాని యేమియు లేదని ఆ నాడు పిల్లలు నేర్చిరి. ఈతకంటె నది తక్కువ విద్య కాదు.

పరీక్షచుక్కలలోను భేదములు కలవు. పంచాయతీవారు కుళాయినీటిని పరీక్షించు క్లోరోస్కోపులో పసుపువన్నె తెచ్చు మందు వాడుట కలదు. అది మొత్తము క్లోరినునే చూపునుగాని విడిగా నున్నది యెంతో తేల్చదు. గులాబివన్నె తెచ్చు మందు రెంటిని వేఱుచేయును. కాని క్లోరిను మిక్కిలి యధికమైనచో ఆ గులాబివన్నెనే అది తెలుపుచేసివేయును. కాబట్టి గొట్టము తెల్లగా నున్నంతమాత్రమున మందు లేదని యెంచరాదు. మంచినీరు కలిపి పలుచన చేసి మరల చూడవలెను.

సయన్యూరిక్ ఆమ్లము కథ వేఱు. మన యెండలో క్లోరిను నిలువదు. ఉదయమున వేసిన రెండు పాళ్ళు మధ్యాహ్నమునకే హరించిపోవును. ఈ యామ్లము క్లోరినును కొంత తన నీడలో దాచి, యెండనుండి కాపాడును. మేము నారుమళ్ళకు ఆకుపచ్చ వలకట్టి ఎండను ఆపునట్టిదే యిదియును. అయితే వలలు ఒకటిపై నొకటి కట్టినచో మొక్క పాలిపోవును. అట్లే ఈ యామ్లము ఎక్కువైనకొలది క్లోరిను చేతులు కట్టుబడును. అంకె నిండుగా నున్నను చంపు శక్తి సన్నగిల్లును. దుకాణములలో దొరకు ట్రైక్లోరు బిళ్ళలలో క్లోరినుతో పాటు ఈ యామ్లము దాగియున్నది. ఆ బిళ్ళల ద్వారా పది పాళ్ళ క్లోరిను వేసినచో ఆఱు పాళ్ళ ఆమ్లము చేరును. దినమునకు రెండేసి పాళ్ళు ఖర్చైనచో అఱువది దినములలో 72 పాళ్ళు! క్లోరిను ఖర్చగును, ఇది కాదు. ఎండకు పోదు, ఆవిరితో పోదు. నీటిని పారబోసినప్పుడే పోవును. బిళ్ళలు సుఖమని చెప్పి యమ్మువా రీ మాట చెప్పరు. అందుచేత మేము నెలకొకసారి నల్లచుక్క గల గొట్టములో దీనిని కొలిచి, నలువది చేరగనే బిళ్ళలు మాని పొడికి మరలుదుము. సుఖము చవుకగా వచ్చినప్పుడు దాని వెల యెక్కడ వ్రాయబడుచున్నదో వెదకవలెననుట సంసారమునకును చెల్లు సూత్రము.

తక్కిన రెండు యంకెలు సేవకులవంటివి. క్షారత్వము పి.హెచ్.ను కుదురుగా నిలుపు బరువు. అది తక్కువైనచో ఒక్క వానకే పి.హెచ్. గంతులు వేయును, ఎక్కువైనచో ఎంత యామ్లము పోసినను కదలదు. దానిని పెంచుటకు వంటసోడాయే చాలును. కాల్షియము తక్కువైన నీరు గోడల సున్నమును కరగించి తన కొఱత తీర్చుకొనును. ఎక్కువైనచో గొట్టములలో తెల్లని పెంకుకట్టును. కాలువనీటితో నింపిన కొలనును బోరునీటితో నింపిన కొలనును ఒకటి కావు. పొరుగువారి మోతాదు మనకు చెల్లదు. తన నీటిని తానే కొలుచుకొనవలెను.

మోతాదను మాటను కడియమువారికి క్రొత్తగా బోధింప నక్కఱలేదు. యూరియా చిటికెడెక్కువైనచో గులాబి మాడునని నారుపోయు పిల్లకును తెలియును. మా తోటలో అంటుకట్టు పని చేయు ఇల్లాలొకతె యున్నది. ఆమె తెలుగు చదువును, ఇంగ్లీషెఱుగదు. రంగుల బిళ్ళతో గొట్టమును పోల్చిచూచుటలో మా యింటి పట్టభద్రు లొకరితో నొకరు వాదించుకొనుచుండగా ఆమె తొంగిచూచి, "ఆయ్, అది ఒకటీ కాదండి, రెండూ కాదండి, మధ్యలో ఉందండి. రేకు అంచు రంగు చూడండి" అనెను. ఆకువన్నెనుబట్టి మొక్క రోగమును పట్టుకొను కన్నది. నాటినుండి కొలను కొలత యామె పనియైనది. దానికి వేఱుగా జీతమును ఏర్పఱచితిమి.

అప్పుడే యొక గొప్ప లోపము మా కంటబడెను. ఒక దుకాణము నుండి వచ్చిన పొడియు బిళ్ళలును ఒకేవిధమగు తెల్లని ప్లాస్టిక్కు డబ్బాలలో నున్నవి. పైని హెచ్చరికలన్నియు ఇంగ్లీషులోనే. బ్లీచింగు పొడిని ట్రైక్లోరుతో కలిపినచో నిప్పుపుట్టి ప్రేలవచ్చును. పొడిలో ఆమ్లము పడినచో క్లోరిను వాయువు లేచును. 1915 ఏప్రిలు 22న ఈప్రె యుద్ధరంగమున సైనికుల యూపిరితిత్తులను కాల్చినది ఆ వాయువే. స్నానాలగది కడుగు యాసిడును బ్లీచింగు పౌడరును ఒకే బకెట్టులో పోయు ఇండ్లు మన ఊళ్లలో నెన్ని లేవు? మందు నమ్మువాడు చదువగలడు, కొన్నవాడు చదువగలడు. చేతితో ముట్టువారికి మాత్రము చదువ వీలులేని భాషలో హెచ్చరిక వ్రాయబడియున్నది. ఇది యెవరికొఱకు వ్రాసినట్లు? మేము తెలుగులో పెద్ద యక్షరములతో పలక వ్రాయించి గోడకు తగిలించితిమి. మందును నీటిలో వేయవలెనుగాని మందుపై నీరు పోయరాదు. ఒకదాని గరిటె మఱియొకదానిలో పెట్టరాదు. రెండు డబ్బాలు ఒకే గదిలో నుంచరాదు. చేతితొడుగులు లేక మూత తీయరాదు. వాసన ఘాటుగా లేచినచో గాలికి ఎదురుగా బయటికి నడువవలెను. ఆ యిల్లాలు పలకను తానే చదివి, తక్కిన పనివారికి వినిపించెను.

ఇంతలో నొక ప్రశ్న లేచినది. నీటిని శుద్ధిగా నుంచునది యామె. ఆమె పిల్ల లిద్దఱు కంచె యవతల నిలిచి మా పిల్లలు తేలుచుండుట చూచుచుండిరి. వారిని, తోటలోని పనివారి పిల్లలను, దిగనిండని మా పిల్లలే యడిగిరి. ఇంటి పెద్దావిడ సమ్మతింపలేదు. "వాళ్లూ మనవాళ్లూ ఒకే నీళ్లలోనా? నీళ్లు పాడైపోవూ?" అనెను. ఈ మాట క్రొత్తది కాదు. 1927 మార్చి 20న మహద్ పట్టణమున అంబేద్కరుగారు తనవారితో కూడ చవదార్ చెరువునీటిని త్రాగిన పిమ్మట, కొందఱు ఆ చెరువును పంచగవ్యముతో శుద్ధి చేసిరి. మనుష్యుడు ముట్టిన నీటిని పేడతో శుభ్రము చేసిరన్నమాట! క్లోరినుచుక్కల నడిగినచో ఆ నా డా చెరువును పాడుచేసినవా రెవరో తేల్చి చెప్పియుండును.

మేము పెద్దావిడతో వాదింపలేదు. నీరు పాడగునా లేదా యనునది కొలువదగిన ప్రశ్నయే గనుక కొలుతమంటిమి. ఒక శనివారము సాయంకాలము మా పిల్లలాఱుగురు ఎప్పటివలె ఆడి చెమటతో వచ్చి గంటసేపు ఈదిరి. రెండు పాళ్ళున్న విడి క్లోరిను ఒక పాలునకు దిగెను. మఱునాడు అదే వేళకు నీటిని మరల రెండు పాళ్ళకు తెచ్చి, మా యాఱుగురును తోటవారి యాఱుగురును, పండ్రెండుగురు పిల్లలును కుళాయిక్రింద సబ్బుతో స్నానము చేసిన పిమ్మట గంటసేపు ఈదిరి. ఈసారి ఒకటిన్నర మిగిలెను. ఆఱుగురు దిగిన నాటికంటె పండ్రెండుగురు దిగిన నాడు నీరు శుద్ధముగా నున్నది! నీటిని పాడుచేసినది కులము కాదు, కడుగని చెమట. అదియు మా పిల్లలదే. గొట్టము రెండింటిని ప్రక్కప్రక్కను నిలిపి చూపితిమి. పెద్దావిడ యేమియు ననలేదు. కాని యా తరువాత ప్రతిసాయంకాలమును కుర్చీ వేసికొని కుళాయి దగ్గఱ కూర్చుండి, ఎవరి పిల్లలను భేదము లేక, "సబ్బు రాసుకున్నావా? చెవులవెనక?" అని అడుగుట ఆమె పనిగా పెట్టుకొనినది. ఒక యాచారము పోయి దాని చోట మఱియొక యాచారము వచ్చినది. రెండవదానికి కారణ మున్నది.

కొలను భాగ్యవంతుల వేడుకయనియు, దీనిని గూర్చి యింత వ్రాయనేల యనియు కొందఱు తలచవచ్చును. కొలను లేని యిండ్లలోను నీటితొట్టి యున్నది, డాబాపై ట్యాంకున్నది, పెరటిలో నుయ్యి యున్నది. అన్నిటికిని ప్రశ్న లివే: ఏమి మిగిలినది, దేనితో కలిసినది, ఎవరు చూచినారు? కొలుచు చుక్కలకు సినిమా టిక్కెట్టునకు మించిన ఖర్చు లేదు. ఊరిట్యాంకులో పొడి వేసితిమని పంచాయతీవారు చెప్పినప్పుడు, చివరి వీథి కుళాయిలో 0.2 మిగిలెనా యని యడుగగల గృహిణి యున్న యూరికి విరేచనముల భయము తగ్గును. ఆ ప్రశ్న నడుగుటకు ఇంగ్లీషు నక్కఱలేదు, పట్టము నక్కఱలేదు.

మా కొలను ప్రక్కను ఒక లెక్కపుస్తకము వ్రేలాడుచుండును. తేది, వేళ, విడి క్లోరిను, పి.హెచ్., దిగిన పిల్లల సంఖ్య, కొలిచినవారి సంతకము. మొదటి పుటలలో మా వ్రాత. తరువాత అంటుకట్టు నిల్లాలి గుండ్రని తెలుగక్షరములు. ఈ మధ్య ఆమె పెద్దకూతురి వ్రాత కానవచ్చుచున్నది. ఆ బాలిక 7.4 అని వ్రాసి, ప్రక్కను, నిన్న వాన కురిసినది, క్షారత్వము చూడవలెను, అని తనంతట తానే వ్రాసినది.